తప్పు జరగకముందే పిలవండి

మన బళ్ళల్లో పిల్లలు అన్నిటికంటే భయపడే శిక్ష ఏది అని అడిగితే ఏ పిల్లాడైనా టక్కున చెప్తాడు: "రేపు మీ నాన్నని తీసుకురా." గోడ కుర్చీ కంటే, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం కంటే ఈ మాటకే ఎక్కువ వణుకుతారు. నేను పల్నాడులో, మిరప పండే ఊళ్ళ మధ్య ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఈ మాట రోజూ వింటాను. తండ్రి బడికి రావడమే పిల్లాడికి శిక్ష అయిన చోట, మళ్ళీ మనమే స్టాఫ్ రూమ్‌లో కూర్చుని "ఈ పేరెంట్స్ ఎవరూ బడి ముఖం చూడరండీ" అని ఎలా అనుకుంటామో నాకు మింగుడు పడదు.

ఆ తండ్రి వచ్చిన రోజు ఏం జరుగుతుందో కూడా అందరికీ తెలిసిందే. ఆయన ఆ పూట కూలి పోగొట్టుకుని వస్తాడు. హెడ్మాస్టర్ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడతాడు, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమని ఎవరూ అనరు. మేము వరసగా చెప్పుకుంటూ పోతాం: లేటుగా వస్తున్నాడు, హోంవర్క్ చేయడు, నిన్న ఫలానా వాణ్ణి కొట్టాడు, క్లాసులో ఎదురు మాట్లాడుతున్నాడు. ఆయన తల వంచుకుని వింటాడు. చివరికి అక్కడే, అందరి ముందూ కొడుకు చెంప మీద ఒకటి ఇచ్చి, "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్, ఇక మీదే భారం" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. పని అయిపోయిందనుకుంటాం. అసలు నిన్న ఎందుకు కొట్టావురా అని ఆ పిల్లాణ్ణి అడిగిన వాళ్ళు ఆ గదిలో ఒక్కరూ ఉండరు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. బడిలో పిల్లల ప్రవర్తన బాగుపడాలంటే, పిల్లలకీ టీచర్లకీ మధ్య కాస్త నమ్మకం ఉండాలంటే, తల్లిదండ్రులూ పిల్లలూ తప్పు జరిగాక విచారణకి వచ్చేవాళ్ళుగా ఉంటే లాభం లేదు. ఈ బడిలో ఎలా ఉండాలి, ఏది కుదురుతుంది, ఏది కుదరదు అని నిర్ణయం జరిగే చోటే వాళ్ళు ఉండాలి. ఆ నిర్ణయాలు టీచర్లకి కూడా వర్తించాలి. రెండో మాట చెప్పినప్పుడే మా తోటివాళ్ళ ముఖాలు మారతాయి, నాకు తెలుసు.

ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టింది కాదు, చట్టంలో చాలా భాగం ఉన్నదే. 2009 విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది. మన దగ్గరైతే అంతకు ముందే, 2002లోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యా నిబంధనలు మార్చి బడిలో శారీరక దండనని నిషేధించింది. విద్యా హక్కు చట్టంలోనే సెక్షన్ 21 ప్రకారం, బడి నిర్వహణ చూసే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, వెనకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ళ సంఖ్యకి తగ్గ చోటు ఉండాలి. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు: మిగతా పావు వంతులో కొంత భాగం స్థానిక విద్యావేత్తలకి గానీ, ఆ బడి పిల్లలకే గానీ ఇవ్వొచ్చు, ఎవరికివ్వాలో కమిటీలోని తల్లిదండ్రులు నిర్ణయించాలి. ఒక పిల్లాడో పిల్లో కమిటీలో కుర్చీ వేసుకుని కూర్చున్న బడి మా చుట్టుపక్కల నేనైతే చూడలేదు.

అలాగని చట్టం అంతా నిండుగా ఉందనీ అనను. సెక్షన్ 24 టీచర్ల విధులు చెప్తూ, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు పెట్టి పిల్లల హాజరు గురించి, నేర్చుకునే శక్తి గురించి, ప్రగతి గురించి, పిల్లలకి సంబంధించిన మిగతా విషయాల గురించి వాళ్ళకి తెలియజేయాలంటుంది. అంతవరకే. వాళ్ళు చెప్పేది వినాలని అక్కడ ఎక్కడా రాయలేదు. మన మీటింగులన్నీ ఆ సెక్షన్‌కి తగ్గట్టే నడుస్తున్నాయి. మైకు మా చేతిలో, సంతకం వాళ్ళ చేతిలో. సంతకం రాకపోతే వేలిముద్ర. తీర్మానాల పుస్తకంలో "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించిరి" అని రాసేది ఎప్పుడూ మేమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూల్‌కి వెళ్ళారు. 2025 జులై 10న రెండోసారి పెట్టారు, అప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువులో. నేను వీటిని తీసిపారేసేవాణ్ణి కాదు. మా ఊళ్ళో బడి గేటు దాటని తల్లులు ఆ రోజు మంచి చీర కట్టుకుని వచ్చి, బిడ్డ కూర్చునే బెంచీ మీద కూర్చుని, ప్రోగ్రెస్ కార్డు చేత్తో పట్టుకుని చూసుకున్నారు. తిట్లు తినకుండా బడికి వచ్చి వెళ్ళిన మొదటి రోజు చాలామందికి అదే. దానికి విలువ ఉంది. కానీ పండగ ఒక్క రోజు. తెలంగాణలో నెలనెలా మూడో శనివారం మీటింగ్ పెట్టమన్నారు, ఆ ఆలోచన నాకు ఇంకా నచ్చింది, ఎందుకంటే పరిచయం నెలనెలా పెరగాల్సిందే గానీ ఏడాదికి ఒకటి రెండు సార్లు పెరగదు. అయితే శనివారం కూడా కూలి రోజే.

ఇక మా బడి సంగతి చెప్తాను, కాస్త వివరంగానే చెప్తాను. 2022లో చుట్టుపక్కల ప్రైమరీ బడుల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్ళలో కలిపినప్పుడు మా దగ్గరికీ చిన్నపిల్లలు వచ్చారు. ఎనిమిదేళ్ళ పిల్లలూ పదిహేనేళ్ళ పిల్లలూ ఒకే ఆవరణలో. ఆ ఏడాది కొట్లాటలు పెరిగిపోయాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక రోజూ ఎవరో ఒకరు మోచేయి గీరుకుపోయి, చొక్కా చిరిగిపోయి, ఏడుస్తూ వచ్చేవాళ్ళు. పక్క ఊరి పిల్లలకీ మా ఊరి పిల్లలకీ పడడం లేదనీ, ఆ రెండు ఊళ్ళకీ ఎప్పట్నుంచో తిరణాల దగ్గర గొడవలున్నాయనీ, పెద్దల బుద్ధులే పిల్లలకీ వచ్చాయనీ మేమే ఒక కథ అల్లేసుకున్నాం. రెండు ఊళ్ళ నుంచీ తండ్రుల్ని పిలిపించడం, వాళ్ళు అక్కడ కొట్లాడుకోకుండా చూసుకోవడం, ఇదే పని.

అప్పుడు మా హెడ్మాస్టర్ గారు ఒక పని చేయమన్నారు. ప్రతి తరగతిలో చిన్న చీటీలు పంచి, పేరు రాయొద్దు, బడిలో నీకు భయం వేసే చోటు ఏది, వేళ ఏది, అంతే రాయమని అడిగాం. రాయడం రాని చిన్నపిల్లలకి బడి బొమ్మ గీసి ఇచ్చి ఇంటూ పెట్టమన్నాం. ఆ చీటీలు చూశాక మా కథ మొత్తం పక్కకి పోయింది. చాలా చీటీల్లో ఒకే చోటు: కంచాలు కడిగే కుళాయి. ఒకే వేళ: భోజనం అయిపోయే చివరి పది నిమిషాలు. బడి అందరికీ కలిపి సరిగ్గా పనిచేసే కుళాయి ఒకటే ఉంది, బెల్లు కొట్టే లోపు కంచం కడుక్కోకపోతే క్లాసులో లేటు అని బయట నిలబెడతాం, కాబట్టి పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని తోసేస్తారు, చిన్నవాడి అన్న పదో తరగతిలో ఉంటే వాడొస్తాడు, అక్కణ్ణుంచి ఊరి పేరు మీదకి వెళ్తుంది. గొడవ కుళాయి దగ్గర పుట్టి ఊళ్ళ దాకా పాకుతోంది. మేము అటు చివర నుంచి చూస్తున్నాం.

ఈ చీటీల సంగతి మాట్లాడడానికి తల్లిదండ్రులతో, పిల్లలతో మీటింగ్ పెట్టాం. దానికి హెడ్మాస్టర్ గారు వంట చేసే అమ్మల్ని కూడా పిలిచారు. వాళ్ళూ మా పిల్లల తల్లులే, రోజూ బడిలోనే ఉంటారు, ఏ పిల్లాడు ఎవరితో కూర్చుని తింటాడో, ఎవరు తినకుండా కూర్చుంటారో మాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అయినా అంతవరకూ ఏ మీటింగ్‌లోనూ వాళ్ళని మాట్లాడనివ్వలేదు. ఒకామె లేచి, "సార్, చిన్నోళ్ళకి పది నిమిషాలు ముందు పెడతాం, మాకేం ఇబ్బంది లేదు, మీరు బెల్లు ముందు కొడితే చాలు" అంది. పక్క ఊరి పిల్లాడి తండ్రి ఒకాయన ప్లంబింగ్ పని చేస్తాడు. పైపు సామాను ఇప్పిస్తే ఆదివారం వచ్చి వరసగా కుళాయిలు బిగిస్తానన్నాడు, బిగించాడు కూడా. ఎనిమిదో తరగతి పిల్లలు లైను చూసుకునే బాధ్యత మాకివ్వండి అన్నారు, కానీ ఒక షరతు పెట్టారు: టీచర్ల కంచాలూ టిఫిన్ బాక్సులూ పిల్లల చేత కడిగించకూడదు. గది నిశ్శబ్దం అయిపోయింది. హెడ్మాస్టర్ గారు సరే అన్నారు.

కొట్లాటలు పూర్తిగా ఆగిపోలేదు. పిల్లలున్న చోట అవి ఉంటాయి. కానీ రోజూ ఉండే గొడవ ఎప్పుడో ఒకసారి ఉండే గొడవ అయింది, దానికోసం మేము ఒక్క దెబ్బ కొట్టలేదు.

ఆ చీటీల్లో ఇంకో మాట నన్ను వదలడం లేదు. ఒక పిల్ల, చేతిరాతని బట్టి ఏడో ఎనిమిదో తరగతి అయ్యుంటుంది, భయం వేసే చోటు దగ్గర ఏమీ రాయలేదు. కింద ఇలా రాసింది: "సార్ నన్ను పేరు పెట్టి పిలవకుండా కాలనీ పిల్లా అని పిలిచినప్పుడు." ప్రవర్తన గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ పిల్లల ప్రవర్తన గురించే మాట్లాడతాం. ఆ అమ్మాయి రోజూ బడికి వచ్చి, వరసలో నిలబడి, ప్రార్థన పాడి, తన పేరు కాని పేరుతో పిలిపించుకుని ఇంటికెళ్తోంది. తర్వాత ఒక రోజు ఆమె ఎదురు తిరిగితే, "రేపు మీ అమ్మని తీసుకురా" అంటాం. ఆ అమ్మ గుమ్మం బయటే నిలబడుతుంది, ఎందుకంటే లోపల తన చోటు ఎక్కడో ఆమెకి ఈ ఊరు ఎప్పుడో చెప్పేసింది. అందుకే మీటింగ్‌లో కుర్చీలు గుండ్రంగా వేయడం, వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ టీచరే లేచి కుర్చీ చూపించడం నా దృష్టిలో చిన్న విషయాలు కావు. కుటుంబాల్ని కలుపుకోవడం అక్కడే మొదలవుతుంది, అక్కడే చెడుతుంది కూడా.

వేళ గురించి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా దగ్గర మిరప కోతలు. ఆడవాళ్ళు తెల్లవారుజామునే ఆటోల్లో వెళ్ళి చీకటి పడే వేళకి వస్తారు. ఉదయం పదకొండింటికి మీటింగ్ పెట్టి, రాలేదని రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేస్తే అది వాళ్ళ నిర్లక్ష్యమా, మన నిర్లక్ష్యమా? మేము కొన్ని మీటింగుల్ని కాలనీలోకే తీసుకెళ్ళాం. రాత్రి అన్నాలు అయ్యాక రామాలయం దగ్గరో, ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక అక్కడి చెట్టు కిందో. బడికి రాని వాళ్ళు కూడా అక్కడ వచ్చారు, అక్కడ గొంతు విప్పి మాట్లాడారు. ఇంకోటి, మా పిల్లల్లో చాలామంది అమ్మమ్మ దగ్గరో తాతయ్య దగ్గరో పెరుగుతున్నారు, తల్లీ తండ్రీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనికి వెళ్ళారు. మన ఫారాలన్నిట్లోనూ తల్లి సంతకం, తండ్రి సంతకం అనే గళ్ళే ఉంటాయి. అసలు పిల్లాణ్ణి పెంచుతున్న ముసలమ్మని ఎవరూ పిలవరు. పిలిస్తే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. సాయంత్రం బస్టాండు దగ్గర బయటి కుర్రాళ్ళు ఆడపిల్లల్ని ఏడిపిస్తున్నారని పిల్లలు చెప్పినప్పుడు, అక్కడ టీ కొట్టు నడిపే ఒక తాతయ్య, మనవరాలు మా బడిలోనే, "ఆ అరగంట నేను చూసుకుంటా, మీరు నిశ్చింతగా ఉండండి మాస్టారూ" అన్నాడు. ఇంకో ఇద్దరు అమ్మమ్మలు ఆ బెంచీ మీద వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఏ సర్క్యులర్‌తోనూ అంత తొందరగా ఆ పని జరిగేది కాదు.

వాట్సాప్ గ్రూపుల గురించి ఒక మాట చెప్పి వెళ్తాను. చాలా బళ్ళు తల్లిదండ్రుల గ్రూపు పెట్టి, అందులో లేటుగా వచ్చిన పిల్లల ఫొటోలు, మార్కులు తక్కువ వచ్చిన వాళ్ళ పేర్లు పెడుతున్నాయి. దయచేసి ఆపండి. ఊరంతా చూసేలా పిల్లాడి పరువు తీయడం కూడా సెక్షన్ 17 చెప్పిన మానసిక వేధింపే అని నా అభిప్రాయం. చదవడం రాని తల్లికి పేజీ పొడవు మెసేజ్ కంటే అర నిమిషం వాయిస్ మెసేజ్ మేలు, అందులోనూ మొదట మంచి మాట ఒకటి ఉండాలి. "మీ వాడు ఈరోజు క్లాసులో మంచి ప్రశ్న అడిగాడమ్మా" అని ఎప్పుడైనా ఒక తల్లికి పంపి చూడండి. తర్వాత ఎప్పుడైనా ఇబ్బంది వచ్చి ఫోన్ చేస్తే ఆమె భయపడకుండా ఎత్తుతుంది.

తల్లిదండ్రులకి చదువు మీద శ్రద్ధ లేదనే మాట మీద తెలుగు నేల మీదే చాలా పెద్ద ప్రయోగం జరిగింది. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పిల్లల్ని పొలాల నుంచి, వెట్టి నుంచి బడికి తేవడం మొదలుపెట్టినప్పుడు, పేదవాడు పిల్లల్ని బడికి పంపడు, వాడికి కూలి డబ్బులే కావాలి అని అందరూ అనేవాళ్ళు. ఆ ఫౌండేషన్‌ని నడిపించిన శాంతా సిన్హా గారు, వాళ్ళ కార్యకర్తలు దీన్ని ఒప్పుకోలేదు. పేద తల్లిదండ్రులు చదువు కోరుకుంటారు, వాళ్ళకి అడ్డుపడేది బడీ ఊరూ నడిచే తీరు అన్నారు. ఊళ్ళో యువకుల్ని, పంచాయతీ వాళ్ళని, టీచర్లని, భూస్వాముల్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడి, పనిలో ఉన్న పిల్లల కోసం క్యాంపులు పెట్టి, వేలాది పిల్లల్ని బడిలో చేర్చారు. 2003లో ఆవిడకి మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి తొలి అధ్యక్షురాలయ్యారు. పిల్లాణ్ణి బడిలో చేర్చడానికి ఊరంతా కలిసి రాగలిగినప్పుడు, చేరిన పిల్లాడు బడిలో గౌరవంగా ఉండేలా చూడడానికి ఎందుకు రాదు?

2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట జడ్పీ హైస్కూల్ హెడ్మాస్టర్ గారు పిల్లల ముందు సాష్టాంగపడి గుంజీలు తీసిన వీడియో మీరూ చూసే ఉంటారు. పిల్లల్ని కొట్టలేక, మార్చలేక, శిక్ష తనకే వేసుకున్నారు. ఆ వయసు మనిషి అలా చేశాడంటే లోపల ఎంత బాధ ఉండి ఉంటుందో నాకు అర్థమవుతుంది, ఆయన్ని ఒక్క మాట కూడా అనలేను. కానీ ఆ వీడియో చూశాక నాకు నిద్ర పట్టలేదు. కొట్టడం పోయాక మన టీచర్ల చేతిలో ఇంకేమీ లేకుండా పోయిందా? బెత్తం తీసేసుకున్నారు, దాని బదులు ఏం ఇవ్వాలో ప్రభుత్వం ఆలోచించలేదు. మాకు కావాల్సింది తోడు. ఆ తోడు తల్లిదండ్రుల దగ్గర, పిల్లల దగ్గరే ఉంది.

ఇదంతా చెప్తే స్టాఫ్ రూమ్‌లో వచ్చే మాటలు నాకు తెలుసు. మొదటిది, "మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు. సరే, వంచండి, కానీ ఆ సామెతలో ఎక్కడా కొట్టమని లేదు. రెండోది, పిల్లలకి మాట్లాడే చోటు ఇస్తే నెత్తికెక్కుతారు అంటారు. నేను చూసినంతలో ఎవరూ ఏమీ అడగని పిల్లలే గోడల మీద రాతలు రాస్తారు, బెంచీలు విరగ్గొడతారు. అడిగితే వాళ్ళు పెట్టే నియమాలు మనకంటే కఠినంగా ఉంటాయి, ఆఖరికి మనమే కాస్త తగ్గించండర్రా అనాల్సి వస్తుంది. మూడోది, తల్లిదండ్రులే కొట్టమంటున్నారు కదా అంటారు. అవును, అంటున్నారు. వాళ్ళ చిన్నప్పుడు బడి వాళ్ళకి అదొక్కటే చూపించింది. వేరే దారి ఉందని చూపిస్తే ఎంతమంది తల్లులు కొట్టమంటారో అప్పుడు లెక్కపెడదాం.

టైము లేదనేది మాత్రం నిజమైన మాట. హాజరు యాప్, భోజనం యాప్, మరుగుదొడ్ల ఫొటోలు, ఎన్నికల పని, సర్వేలు, వీటి మధ్య పాఠం చెప్పడమే కష్టంగా ఉంటే రాత్రి కాలనీకి వెళ్ళమంటే ఎవరు వెళ్తారు? ఇందులో న్యాయం ఉంది. రాత్రి మీటింగ్‌కి వెళ్ళిన టీచర్‌కి మర్నాడు ఉదయం ఒక పూట వెసులుబాటు ఇవ్వండి. శనివారం నో బ్యాగ్ డే అని 2025లో మొదలుపెట్టారు కదా, నెలలో ఒక శనివారం చివరి గంట పిల్లల సభకి కేటాయించండి. అందులో పిల్లలు మాట్లాడాలి, టీచర్లు రాసుకోవాలి, వచ్చే వారం దానికి జవాబు చెప్పాలి. జవాబు చెప్పకపోతే మూడోసారి ఏ పిల్లాడూ నోరు విప్పడు.

కమిటీ ఎన్నికల్లో రాజకీయం ఉందన్నదీ నిజమే. 2024 ఆగస్టులో మా జిల్లాలో చాలా చోట్ల చైర్మన్ పదవి కోసం పార్టీలు పోటీ పడ్డాయి. బడి బాగు కోసం వచ్చిన తల్లి వెనక బెంచీలో కూర్చుని చూస్తూ ఉండిపోయింది. దీనికి మందు కమిటీని మూలన పడేయడం కాదు. కమిటీకి నిజమైన పని ఇస్తే, అంటే కుళాయి ఎక్కడ ఉండాలి, బెల్లు ఎప్పుడు కొట్టాలి, లేటుగా వచ్చిన పిల్లాణ్ణి ఏం చేయాలి లాంటివి చర్చకి పెడితే, పదవి కోసం వచ్చినవాళ్ళకి ఆసక్తి తగ్గుతుంది, బిడ్డ కోసం వచ్చినవాళ్ళు ముందుకొస్తారు.

తర్వాతి ఎన్నికలు వచ్చేసరికి రెండు మార్పులు జరగాలని అడుగుతున్నాను. నమూనా నిబంధనల్లో ఉన్న పిల్లల చోటుని రెండు రాష్ట్రాలూ ప్రతి హైస్కూల్లో తప్పనిసరి చేయాలి, ఇద్దరు, అందులో ఒక ఆడపిల్ల. రెండోది, విద్యా హక్కు చట్టం పద్నాలుగేళ్ళ దాకానే పట్టించుకుంటుంది, కానీ టీచర్‌కీ పిల్లాడికీ మధ్య అసలు గొడవలు తొమ్మిదిలో, పదిలో వస్తాయి. పదో తరగతి స్టడీ అవర్ ఎన్నింటిదాకా ఉండాలి, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఇంటికి ఎలా వెళ్ళాలి అనేది వాళ్ళనీ వాళ్ళ అమ్మానాన్నల్నీ అడగకుండా ఏ హెడ్మాస్టరూ నిర్ణయించకూడదు. వీటికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక జీవో చాలు. ఆ జీవో వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, ఈ నెల మీటింగ్‌కి ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టొద్దని ఏ నిబంధనా చెప్పడం లేదు.